పావు మనిషికి ఒక లంగా

శామీర్‌పేట దర్జీ చక్రపాణి గుట్ట గీయనిదే కత్తెర పట్టడు. బట్ట మీద సుద్దతో, నడుమ ఎత్తుగా, రెండు పక్కలా మెల్లగా జారే గుట్ట: సగటు కొలతవాళ్లు నడుమ గుంపుగా, మరీ పొట్టి, మరీ పొడుగువాళ్లు అంచుల్లో కొద్దిమంది. బీఎస్సీ మధ్యలో వదిలేసి వస్తూ కాలేజీ నుంచి అదొక్కటే వెంట తెచ్చుకున్నాడు. ఆయన కుట్టిన లాగులన్నీ కుప్ప పోస్తే కీసర గుట్ట చిన్నబోతుందని ఊళ్లోవాళ్లు అనేవారు.

"నా నడుము కొలవవారా?" అని లాగు కుట్టించుకోను వచ్చిన గౌరయ్య అడిగితే, "ఆగు కాకా, గుట్ట మీద నువ్వేడున్నవో సూడనీ," అనేవాడు.

"గుట్ట మీదేంది? నీ ముంగటనే ఉన్న గదరా!"

తొంభై ఎనిమిదిలో బాలికల బడి యూనిఫాం పని ఆయనకొచ్చింది. ఎనిమిదో తరగతి భవితకు ఆ కబురు నచ్చలేదు. అంతకుముందు ఏడాది వేరే దర్జీ అందరినీ వరుసలో నిలబెట్టి, ఆమె వంతు రాగానే, "టేపు సాలదు, నిచ్చెన తెండ్రి!" అన్నాడు. కుట్టిన లంగా పిక్కల పైనే ఆగింది. ఈసారీ అట్లాగే అయితే బడి మానేస్తానని అవ్వ ఐలమ్మతో తేల్చి చెప్పేసింది.

చక్రపాణి వరుస పెట్టలేదు. బడిలోని వందమందిలో ఇష్టమై ముందుకొచ్చిన ఇరవైమందినే కొలిచి, మిగతావాళ్లకు లెక్క కట్టాడు. భవిత గోడ చాటునే ఉంది.

"సగటు నూట నలభై అయిదు సెంటీమీటర్లు, టీచరమ్మా. దానికి ఆరు కింద, ఆరు మీద, వందల అరవై ఎనిమిది మంది."

"మిగిలినోళ్లో?" అంది దుర్గాబాయి టీచరు.

"గుట్ట దిగుతుంటరు."

అంటూనే బడి పక్క చెరువు వైపు చూశాడు. ముసురులో అవతలి గట్టు కనిపించక, నీళ్లు ఆకాశంలోకి నడిచిపోతున్నట్టున్నాయి.

యూనిఫాంలు పంచే రోజు వందమందిలో చివరి పొట్లం భవితది. విప్పి చూస్తే పొడుగాటి లంగా; అది పట్టుకుని చక్రపాణి దుకాణానికి పరుగెత్తింది.

"మామా, నా అంత పొడుగోళ్లు నీ లెక్కల ఎంతమంది?"

"నూట అరవై మూడు దాటితే, కాలేజీ పుస్తకంల టేబుల్ ప్రకారం, వందకు పావు మనిషి గూడ లేరు."

"మరి గిది ఎవ్వరికి కుట్టినవ్?"

"గా పావు మనిషికే! సున్నా అయితే గాలేదు గద బిడ్డా. గుట్ట ఎంత దూరం దిగినా నేలను తాకదు."

"అబద్ధం. నేనున్ననని నీకెట్ల ఎర్క?"

చక్రపాణి సుద్దను గోటితో గీకుతూ నసిగాడు. "నిరుడు నువ్వు లంగా కిందికి గుంజుకుంట నా ముంగట్నించే పోయినవ్. గది గుట్ట జెప్పలే."

భవిత అంచు తిరగేసింది. లోపల మూడు మడతలు.

"ఇన్నెందుకు మామా?"

"ఒకటి ఇప్పుకో. మిగిలినయి నువ్వు పెరుగుతాంటే ఇప్పుదువు. జల్దేం లేదు, మస్తు పెరుగు."

తెల్లారి భవిత మడమల దాకా లంగాతో, తల ఎత్తుకుని బడికి నడిచింది. ఇంకా రెండు మడతలు మిగిలే ఉన్నాయి.