పెద్దమ్మ బొటనవేలు

గిద్దలూరులో మా వీధి ఆడవాళ్ల ప్రార్థన కూటంలో నా ఫోను నడుమ ఒకరు పట్టుకుంటే, అందులో చూసి పాటలు పాడతాం. పిల్లలు కలగడానికి వైద్యం ఎక్కడ బాగుంటుందో నేను వెతికిన వారమే, పాట చరణం కింద ‘సంతానం లేదా?’ అంటూ యాడ్ వచ్చింది. నా భర్తకు తప్ప ఎవరికీ చెప్పుకోని సంగతి అది. ఒళ్లు మండిపోయింది.

ఫోను పట్టుకున్న పక్కింటి పెద్దమ్మ ఏమీ ఎరగనట్టు ఆ యాడ్ మీద బొటనవేలు పెట్టింది. ఫోను కోసం ఎవరో చెయ్యి చాపితే, “చేతులు మారితే పాట పైకీ కిందకీ పోతాది, నేనే పట్టుకుంటాలే” అన్నది.

మర్నాడు సెల్ దుకాణంలో పనిచేసే అమ్మాయి, ఒక సైటులో చూసినదాన్ని ఇంకో సైటుకు మోసే కుకీలను నా బ్రౌజరులో ఆపేసింది. “ఇంక యాడ్లు ఇట్ల వెంటబడవులే అక్కా” అన్నది. ఆమె చలవ వల్ల ఇప్పుడు పాటల కింద బోరు మోటార్లు, టార్పాలిన్ పట్టలు వస్తున్నాయి.

యాడ్లు మారిన మాట పెద్దమ్మకు నేను చెప్పలేదు. ఇప్పటికీ ఆమె నా పక్కనే కూర్చుని, అదేమిటో చూడకుండానే మోటారు బొమ్మ మీద జాగ్రత్తగా వేలు పెట్టి, గొంతెత్తి పాడుతుంది.