నాలుగో ఆకు

మా వెంకటదుర్గ వంటకి వంక పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు. కువైట్‌లో ఒక పెద్ద కుటుంబం పద్నాలుగేళ్లు ఆ చేతి వంటే తింది. పడవ నడిపే మొగుడు జ్వరంతో పోయేనాటికి కూతురు రెండో తరగతి. పిల్లని తల్లి దగ్గర వదిలి విమానం ఎక్కింది. ఆ పిల్ల ఇప్పుడు రాజోలులో నర్సు. ఇక దుర్గకి అక్కడ పనేముందో నాకైతే తెలియదు. ఆర్నెల్ల క్రితం తిరిగొచ్చిందో లేదో, మళ్లీ రమ్మని ఏజెంటు ఫోన్లు మొదలుపెట్టాడు. ఆదివారం సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పాలట.

అందుకే ఆ ఆదివారమే కార్తీక వనభోజనం పెట్టించాను. కొత్తపేటలో నాది టైలరింగ్ షాపు. పక్క గది ఖాళీగా ఉంది. అందులో దుర్గ, మా ఇద్దరి స్నేహితురాలు తులసి కలిసి కర్రీ పాయింటు పెట్టుకోవాలని నా పంతం. తులసి ఎప్పుడో ఒప్పుకుంది. దుర్గే "చూద్దాంలే" అంటోంది. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

పి.గన్నవరం దగ్గర పడవెక్కి గోదావరి లంకలోకి వెళ్లాం. నేను, దుర్గ, తులసి, మా వీధిలో పెద్దావిడ సూర్యావతి అక్కగారు.

"గరిట ముట్టుకున్నావంటే చెయ్యి విరిచేస్తాను" అని దుర్గకి ముందే చెప్పాను. బూరెలు అక్కగారు ఇంటి దగ్గరే వండి తెచ్చారు. పులిహోర, కంద బచ్చలి, గుమ్మడికాయ పులుసు మేమే రాళ్ల పొయ్యి మీద కానిచ్చాం. ఊరికే కూర్చోలేక దుర్గ తోటవాళ్లని అడిగి అరిటాకులు కోసుకొచ్చింది. ఉసిరి చెట్టు కింద పరిచి, నీళ్లు చల్లి తుడిచింది.

చూస్తే మూడే ఆకులు.

"ఇంకోటేదే?" అన్నాను.

"మీరు కానివ్వండి. నేను ఆనక తింటాను."

నాకు కోపం నషాళానికెక్కింది. "ఏం, మా వంట నీ కంటికి ఆనలేదా?"

దుర్గ ముఖం చిన్నబోయింది. "అది కాదే కళ్యాణీ. అందరూ తిని లేస్తేగానీ నాకు ఆకలెయ్యదే. అక్కడ అలవాటైపోయింది. వాళ్లందరూ తిన్నాక వంటింట్లో నిలబడే తినేసేదాన్ని" అని నవ్వబోయింది.

ఆర్నెల్లుగా దాన్ని తిడుతూనే ఉన్నాను గానీ, అది ఎలా తింటోందో ఒక్కసారి చూశానా? సిగ్గేసింది.

సూర్యావతి అక్కగారు మాత్రం చేతులు ఒళ్లో పెట్టేసుకున్నారు. "బంతిలో ఒకళ్లు కూర్చోకపోతే మిగతావాళ్లు ముద్దెత్తకూడదమ్మాయ్. చల్లారితే చల్లారనీ. మాకూ ఆకలి లేదు."

"ఆయ్, అంతేనండి" అంది ఆకలికి ఒక్క క్షణం ఆగలేని తులసి, బూరెల వైపే చూస్తూ.

పులుసు మీద ఆవిరి తగ్గిపోయింది. దుర్గ మమ్మల్ని ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. చివరికి కత్తి తీసుకుని వెళ్లి, ఇంకో ఆకు కోసుకొచ్చి, నా పక్కన కూర్చుంది. నేనే వడ్డించాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది.

"కంద దురద పెడుతోందే. చింతపండు తక్కువేసేరు" అంటూ కళ్లు తుడుచుకుంది.

నా వంటకి వంక పెడితే నేను ఊరుకునే మనిషిని కాను. ఆవేళ ఊరుకున్నాను.

ఇంతలో దాని ఫోను మోగింది. ఏజెంటే. దుర్గ ఎడంచేత్తో ఫోను తీసుకుంది.

"ఆయ్, చెప్పండి. భోంచేస్తున్నానండి. ఆనక మాట్లాడతాను." అవతల అతనేదో గట్టిగా అంటున్నాడు. దుర్గ వింది. "ఇప్పుడే చెప్పాలంటే ఇంకెవర్నైనా చూసుకోండి. నేను రానండి."

ఫోను గడ్డిలో బోర్లా పెట్టి, నా వైపు చూడకుండానే ఆకు కాస్త ముందుకు జరిపింది.

"ఇంకాస్త పులిహోర వెయ్యి" అంది.