తూము లేని ప్యాలెస్

బీటెక్ పట్టా మీద సిరా ఇంకా ఆరని ఆ రోజుల్లో నాకు జాబితాలంటే భక్తి. ఏ పనికైనా వరస నెంబర్లు వేస్తే సగం అయిపోయినట్టేనని నమ్మేవాణ్ణి. (మిగతా సగం ఎవరు చేస్తారన్నది జాబితాలో ఉండేది కాదు.) జమ్మలమడుగు దగ్గర మా మేనమామ బండల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరి, మొదట యంత్రాలన్నిటికీ నెంబర్లు రాయించాను. అప్పటికే చాలా యంత్రాలు ఆగిపోయి ఉన్నాయి. టైల్స్ వచ్చి కడప బండ నోట్లో మన్ను కొట్టాయి. పెద్ద ఆర్డరు ఒక్కటైనా రాకపోతే ఫ్యాక్టరీకి తాళం వేసి, కూలీలను పంపేయక తప్పదని మామ తేల్చేశాడు. సరిగ్గా అప్పుడే వియన్నా నగరం పక్కన ఒక పాత రాజభవనాన్ని హోటలుగా నడుపుతున్న ఆసామి, లోపలి ప్రాంగణంలో పరిచేందుకు నల్లరాయి కావాలి, నమూనాలు తెమ్మని కబురు పెట్టాడు. మామకు ఇంగ్లీషు రాదు, నాకు వచ్చని మా వాళ్ల అభిప్రాయం. ఇద్దరం బయలుదేరాం.

మాకిచ్చిన గది ప్రొద్దుటూరులోని మా ఇంటికంటే పెద్దది. మంచం ఎక్కడానికి ఒక మెట్టు, మంచం నిండా దిండ్లు, పైకప్పు మీద మబ్బుల్లో తేలుతున్న బట్టల్లేని దేవతలు. మామ నేలను వేలి కణుపుతో కొట్టి, రాయి కింద డొల్ల ఉందో లేదో విని, తర్వాతే తలెత్తాడు. "ఇంతమందికి రంగులేసినోడు తలా ఒక పైటన్నా గీయలేకపోయినాడా?" అన్నాడు.

ఆ సాయంత్రం హోటలు ఆసామికి (మామ అతనికి 'దొర' అని పేరు పెట్టాడు) నమూనా బండలు చూపించాం. వాన పడితే జారకూడదని పాలిష్ చెయ్యనివి తెచ్చాం. నేను బరువు, గట్టిదనం, నీటిని పీల్చే శాతం పట్టికలతో సహా వివరించాను. దొర బండను చూసి, "బూడిద రంగులో ఉందే? రేపు ఉదయం చెబుతాను" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు. పెళ్లిచూపుల్లో ఉప్మా తిన్నాక, 'ఇంటికి పోయి కబురు చేస్తాం' అనేవాళ్ల నవ్వు.

తెల్లవారి మామ స్నానాల గదిలోకి వెళ్లి, తొట్టిని చూసి వెనక్కి వచ్చాడు. "నా మురికి నీళ్లలో నేనే ఎనుము మాదిరి పొర్లాడాల్నా? కింద నిలబడి పోసుకుంటే పోతాయి గదరా నీళ్లు?"

"పోక యాడికి పోతాయి మామా? స్నానాల గదన్నాక నేలకు వాటం, మూలకు తూము ఉండి తీరాల. అది ఇంజనీరింగ్" అన్నాను. (లోపలికి తొంగి చూడలేదు. సూత్రం తెలిసినవాడు చూడనక్కర్లేదు కదా.)

ఐసు ముక్కల కోసం పెట్టిన వెండి గిన్నె చెంబయింది. కాసేపు గంగావతరణంలా చప్పుడు వినిపించింది. తర్వాత కేక. "అల్లుడూ! ఇవి యాడికీ పోకుండా నా తట్టే చూస్తాండాయిరా!"

తూము లేదు. నీళ్లు గడప దాటి పడక గది నేల మీదికి వస్తున్నాయి. నేను కాగితం తీసి, 'ఒకటి: రిసెప్షన్‌కు ఫోన్' అని మొదలుపెట్టాను.

"రాసేది మళ్ల రాసుకుందువు, ముందు నీళ్లకు అడ్డంగా మడవ కట్రా!" అని మామ తువ్వాలు ఎగ్గట్టాడు. ఫ్యాక్టరీ పెట్టకముందు దువ్వూరులో వరి మడికి నీళ్లు మళ్లించిన మనిషి మామలో మళ్లీ ప్రాణం పోసుకున్నాడు. నమూనా బండలు గడపకు అడ్డంగా నిలబడ్డాయి. సందుల్లో మట్టికి బదులు దిండ్లు, హోటలువాళ్ల తెల్ల అంగీలు కూరాడు. నేను గిన్నెతో తొట్టిలోకి ఎత్తిపోస్తున్నాను.

తలుపు తట్టారు. దొరే. కింద ఫలహారశాల పైకప్పులో ఒక దేవత ముక్కు కారుతోందట.

ఫ్యాక్టరీ తాళం చప్పుడు నాకు అక్కడే వినిపించింది. క్షమాపణకు ఇంగ్లీషు వెతుక్కుంటున్నాను. దొర మావైపు చూడటంలేదు. గడప దగ్గరికెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, తడిసి నేరేడుపండులా నిగనిగలాడుతున్న బండను నిమిరాడు. "ఈ నల్లరాయిని నిన్న ఎందుకు చూపించలేదు?"

"ఈ బండ నిన్న ఏల చూపలేదంటాండాడు మామా."

"స్నానం చేసి రాలేదని చెప్పు. ఇంకోటి కూడా చెప్పు. మా పక్క గొడ్ల కొట్టానికి గూడా తూముంటాది. రాజులు కట్టినారంట, రాజులు!"

"మీ భవన నిర్మాణం చూసి మా మామ ఆశ్చర్యపోయారు" అని అనువదించాను.

ఆర్డరు వచ్చింది. యంత్రాలు తిరిగాయి. ప్రాంగణం పరిచాక దొర ఫోన్ చేశాడు. రాయి మళ్లీ బూడిద రంగుకు తిరిగిందట. పూతల గురించి నేను జాబితా రాస్తుంటే మామ అడ్డం వచ్చాడు. "పొద్దున్నే నీళ్లు చల్లుకోమను. మన వాకిండ్లలో చల్లుకోడంలే?" దాన్ని నేను 'సంప్రదాయ నిర్వహణ పద్ధతి' అని రాసి పంపాను. కొన్నాళ్లకు ఫోటో వచ్చింది. నల్లకోటు, తెల్ల చేతితొడుగుల మనిషి ఒకడు అదే వెండి గిన్నెతో ప్రాంగణమంతా కల్లాపి చల్లుతున్నాడు.

ఇప్పుడు ప్రొద్దుటూరులో నా ఇంటి ముందూ ఆ బండలే. పొద్దున్నే మా ఆవిడ చెంబు నా చేతికిస్తుంది. ఇది ఇంజనీరు పనా అని ఆ పాత కుర్రవాడు లోపల కాస్త గునుస్తాడు. నీళ్లు పడి బండ నల్లబడగానే ఊరుకుంటాడు. ఆ వేళకు వియన్నాలో ఇంకా తెల్లవారదు. కోటు మనిషి నిద్రలోనే ఉంటాడు. ఈ ఒక్క ఉద్యోగంలో నేను అతనికంటే సీనియర్‌ని.