అయిపోని పడుగు

ధర్మవరంలో ఇల్లు అద్దెకు చూసేవాళ్లు నీళ్లు వస్తాయా అని తర్వాత అడుగుతారు. మగ్గం గుంత తవ్వుకోనిస్తారా అని ముందు అడుగుతారు. నేతగాడు కాళ్లు కిందికి పెట్టుకుని కూర్చోవడానికి నేలలో నడుములోతు గుంత కావాలి మరి. మా ఇంటి వెనక భాగం అద్దెకు తీసుకునేటప్పుడు శివశంకర్, ఉలిగమ్మ కూడా అదే అడిగారు. వాళ్లకు అప్పుడు కొత్తగా పెళ్లయింది. నేను సరేనన్నాను.

తవ్వింది ఉలిగమ్మ. శివశంకర్ చెయ్యి ఆ వారం బెణికింది. నేను రైల్వేలో గార్డుగా చేసినవాణ్ణి, సొరంగాలు చాలా చూశాను. ఆ పిల్ల గడ్డపార వేసే తీరు చూసి ఇంకో పూట వదిలేస్తే నేరుగా కదిరి నరసింహస్వామి గుడి ముందు తేలుతుందని భయపడి, చాలమ్మా అని ఆపాను. ఆ గుంతలో కూర్చుని శివశంకర్ పట్టుచీరలు నేశాడు, ఊరు అతన్ని నేతగాడు అంది. మరి ఆమె ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే అత్త మారక్క చెప్పే జవాబు ఒక్కటే. ఇంట్లోనే ఉంటాది.

ఇంట్లో ఉండి ఆమె చేసేదేమిటో గోడకు ఇవతల కూర్చున్న నాకు తెలుసు. తెల్లవారుతూనే రాట్నం తిరిగేది. ఆమె పట్టు దారాన్ని కండెలకు చుట్టి ఇస్తే, అడ్డపోగును అటూ ఇటూ నడిపే అతని నాడె ఆడేది. పోగు తెగితే ముడి వేసేది ఆమె. పాత పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, చివరికి వచ్చి కొత్త పడుగు వస్తే, వేల పోగుల్ని ఒక్కొక్కటిగా పాత కొసకు కలిపి మెలిపెట్టి అతికేది ఆమె. వేళ్లు జారకుండా బూడిద అద్దుకుని ఉదయం కూర్చుంటే లేచేసరికి ఆమె వేళ్ల చివర రేఖలు అరిగిపోయేవి. రేషను షాపు మిషన్ ఆమె వేలిముద్ర ఎన్నోసార్లు గుర్తుపట్టలేదు. ఊరే గుర్తుపట్టలేదు, మిషన్‌ను అని ఏం లాభం.

ఉలిగమ్మది కర్ణాటక అంచున ఉన్న అమరాపురం. అక్కడ కోడి తెలుగులో కూసి కన్నడలో గింజలు తింటుంది. ఆమె నోట డబ్బులు దుడ్లు అయ్యేవి. మారక్క అందరి ముందూ ఆ మాటను ఎగతాళి చేసి, ఆ బాస మా ఇంట్లో వద్దనేది. ఉలిగమ్మ కోపం తెచ్చుకునేది కాదు. పెళ్లికి ముందు హిందూపురంలో ఒక బట్టల ఫ్యాక్టరీలో కొన్నేళ్లు మిషను మీద కుట్టిన మనిషి కాబట్టి, కుదురుగా కూర్చుని ఎదుటివాళ్ల మాట వినడం అక్కడే నేర్చుకుందనుకుంటాను.

ఆ ఫ్యాక్టరీ నుంచే మొన్న కబురు వచ్చింది. అప్పట్లో పక్క మిషను మీద కుట్టిన స్నేహితురాలు ఇప్పుడు అక్కడ ఆఫీసులో పెద్దది. కొత్తగా చేరే ఆడవాళ్లలో సగం మంది సరిహద్దు అవతలి వాళ్లు, వాళ్లకు కన్నడం తప్ప రాదు. ఇటువాళ్లకు తెలుగు తప్ప రాదు. ఇద్దరికీ పని నేర్పగల సూపర్‌వైజరు కావాలి. ఉలిగమ్మ వెళ్లి మాట్లాడి వచ్చింది, ఉద్యోగం ఇచ్చారు. వచ్చే నెల ఒకటో తారీఖున చేరాలి, లేకపోతే వేరే మనిషిని తీసుకుంటారు. ఏ బాస ఇంట్లో వద్దన్నారో ఆ బాసకే జీతం పలికింది.

రోజూ రైల్లో పోయి రావచ్చు కదా అని మీరంటారు. గార్డుతోనా ఆ మాట? ఒకసారి క్రాసింగు కోసం మా బండి ఆగినప్పుడు ఒక ముసలామె కిటికీలోంచి చిక్కుడు గింజ ఉమ్మింది. బండి కదిలేసరికి కాయలు కోసుకుని కూర వండుకుంది. ఫ్యాక్టరీ గేటు పొద్దున్నే మూస్తారు. కాపురం హిందూపురానికి మారాల్సిందే, మగ్గంతో సహా. పట్టు అక్కడా దొరుకుతుంది.

ఇక పంచాయితీ మొదలైంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే నాకు అన్నం అరగదు. శివశంకర్ తమ్ముడు ఆనంద్‌కు కిందటేడు పెనుకొండ దగ్గర ఒక ఫ్యాక్టరీలో సెక్యూరిటీ ఉద్యోగం వచ్చింది. పొద్దున కబురు వస్తే సాయంత్రానికి టెంపోలో సామాను ఎక్కింది. అతని భార్య రాణికి ఇక్కడ మార్కెట్ వీధిలో రెండు మిషన్ల టైలరింగు షాపు ఉండేది, జాకెట్లు కుట్టించుకోవడానికి జనం వరుస కట్టేవాళ్లు. ఆ షాపు ఏం కావాలని ఎవరూ అడగలేదు. ఏ పెద్దమనిషీ వచ్చి కాఫీ తాగలేదు. మొగుడికి ఉద్యోగం వచ్చింది, పెళ్లాం వెంట పోతుంది, అందులో మాట్లాడేదేముంది? ఇప్పుడా మిషన్లు పెనుకొండలో మంచం కింద ఉన్నాయి.

అదే ఉద్యోగం ఉలిగమ్మకు వచ్చేసరికి మా వసారా నిండిపోయింది. మారక్క వచ్చింది. పెనుకొండ నుంచి ఆనంద్ సెలవు పెట్టి వచ్చాడు. శివశంకర్‌కు పట్టు ఇచ్చి చీరలు తీసుకునే సావుకారు నరసింహయ్య కూడా వచ్చి, ఇంటి మనిషిలాగా కుర్చీలో కూర్చున్నాడు. కాఫీలు ఎవరు కాచారో చెప్పనక్కరలేదు. ఎవరి గురించి పంచాయితీయో ఆమే కాచింది.

మారక్క ముందుగా పరువు మాట ఎత్తింది. పెళ్లాం సంపాదనకు మొగుడు ఊరు మారితే లోకం నవ్వుతుందంది. ఆనంద్ హరిణి చదువు గుర్తుచేశాడు. హరిణి అంటే శివశంకర్ కూతురు, ఆరో తరగతి. ఆ పిల్ల తనకు హిందూపురం బడి ఇష్టమేనని చెప్పబోతే నోరు మూయించారు. తర్వాత ఆనంద్ ఒక గొప్ప ఉపాయం కనిపెట్టాడు. పెనుకొండ ధర్మవరానికీ హిందూపురానికీ నడిమధ్యన ఉంది కదా, అందరూ అక్కడే ఉంటే ఎవరికీ నష్టం లేదన్నాడు. అంటే మగ్గానికి పట్టు దొరకదు, ఆమెకు గేటు అందదు, ఇద్దరికీ సమానంగా చెడుతుంది. న్యాయమంటే అదే కాబోలు. పెనుకొండ కొండ కింద ఎండకు కాకి గుడ్డు పెడితే ఉడికి పడుతుందని, నేను ఉప్పు చల్లుకుని తిన్నానని చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

సావుకారు గొంతు సవరించుకున్నాడు. హిందూపురంలో అన్నీ టైల్సు ఇళ్లు, గుంత తవ్వుకోనిచ్చే ఇల్లు యాడ దొరుకుతుందని అడిగాడు. అందరూ తలలూపారు. అప్పటిదాకా గ్లాసులు ఎత్తుకుంటున్న ఉలిగమ్మ ఆగింది.

"ఇల్లు చూసే వచ్చినా సావుకారూ. ఊరి బయట పసుల కొట్టం ఉండాది, మట్టి నేల. తవ్వుకోండి అన్నారు."

"తవ్వేదెవరు? శివకు నడుమునొప్పి కదమ్మా."

"ఈ గుంత తవ్విందెవరు? తాతను అడుగు. ఆడ గూడా నేనే తవ్వుకుంటా."

తాత అంటే నేను. తవ్విన మట్టిని ఇప్పటికీ పెరట్లో గుట్టగా ఉంచానని, కావాలంటే చూపిస్తానని చెప్పాను. అది పచ్చి అబద్ధం. చిన్నప్పుడు నేను చదివిన కాన్వెంటులో సిస్టర్లు అబద్ధానికి మోకాళ్ల మీద నిలబెట్టేవారు. ఈ అబద్ధానికైతే వాళ్లే వచ్చి బెల్లం ముక్క నోట్లో పెట్టేవారు.

అప్పుడు మారక్క అసలు మాట బయటపెట్టింది. ఇంతసేపూ పరువు, చదువు, గుంత అన్నీ దాని మీద కప్పిన గుడ్డలు.

"నువ్వు పొద్దున పోతే మాపటికి గదా వచ్చేది. కండెలెవరు చుడతారు? మీ నాయన వచ్చి చుడతాడా?"

ఇంట్లోనే ఉంటాది అన్న మనిషి ఇంట్లో లేకపోతే మగ్గమే ఆగిపోతుందని, ఆ మాట అన్న నోరే చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లూ ఒక్క చీర మీదనైనా ఆమె పని ఉందని వీళ్లలో ఎవరూ అనలేదు. పోతానన్న రోజున మాత్రం అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

శివశంకర్ తెరిచిన తలుపు అవతల తన గుంతలోనే కూర్చుని ఉన్నాడు. నడుము పైభాగమే కనిపిస్తోంది.

సావుకారు చివరికి తీర్పు చెప్పాడు. పడుగు మీద ఉండగా మగ్గం దించితే ఇంటికి మంచిది కాదు, మన పెద్దలు ఎవరూ ఆ పని చేయలేదు. కాబట్టి ఈ పడుగు అయిపోనీ, అయినాక పోండి, ఎవరు వద్దంటారు? వినడానికి ఎంత బాగుందో చూడండి. ఆనంద్ కూడా ఇదే ధర్మమన్నాడు.

ఇందులోని మోసం మగ్గం ఎరగనివాళ్లకు అర్థం కాదు. ఒక పడుగుకు మూడు నాలుగు చీరలు వస్తాయి. ఆఖరి చీర కోసేటప్పుడు పడుగును పూర్తిగా తీసేయరు. దువ్వెనలాంటి అచ్చులో దూర్చిన పోగుల కొసల్ని అలాగే ఉంచి, కొత్త పడుగును వాటికి అతుకుతారు. తీసేస్తే వేల పోగుల్ని మళ్లీ మొదటినుంచి అచ్చులో దూర్చాలి. అందుకే సావుకారు పాతది అయ్యేలోపే కొత్తది పంపిస్తాడు. పెళ్లయిన కొత్తలో ఎక్కిన పోగుల కొసకే ఈనాటి పడుగు అతికి ఉంది. ఆ మగ్గం ఏనాడూ ఖాళీ కాలేదు. ఈ పడుగు అయినాక పోండి అనడమంటే, సముద్రం ఇంకినాక చేపలు ఏరుకోండి అనడమే.

ఉలిగమ్మ సరేనంది. నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. ఇంత తెలిసినదానివి ఎట్లా ఒప్పుకున్నావమ్మా అని మరుసటి రోజు అడిగాను. ఆమె కండె చుడుతూ, అయిపోనీ తాతా అని మాత్రం అంది. రోజూ మామూలుగానే కండెలు చుట్టింది, పోగులు ముడివేసింది. మారక్క వీధిలో అందరికీ కోడలు దారికి వచ్చిందని చెప్పుకుంది.

నెలాఖరుకు ఆఖరి చీర కోతకు వచ్చింది. ఆ ఉదయం సావుకారు తానే బండి మీద కొత్త పడుగు తెచ్చాడు. మామూలుగా గుమాస్తాతో పంపిస్తాడు. పడుగును గడప దగ్గర పెట్టి పసుపు కుంకుమ చల్లించాడు. చీర కోసి ఇచ్చేశారు. అచ్చులో పాత కొసలు వేలాడుతున్నాయి. మారక్క పళ్లెంలో జల్లించిన బూడిద తెచ్చి, మగ్గం పక్కన ఉలిగమ్మ కూర్చునే చోట పెట్టింది. నేను పేపరు మడిచి పక్కన పెట్టాను.

ఉలిగమ్మ వచ్చి పళ్లెం తీసుకుంది. తీసుకుని మగ్గం దగ్గర కూర్చోలేదు. నేరుగా కొళాయి దగ్గరికి పోయి, అటక మీది గిన్నెలన్నీ దించి పెట్టుకుని, ఆ బూడిదతో తోమడం మొదలుపెట్టింది. పండగకు కూడా దించని పెద్ద కాగులు సైతం దించింది. తోమినదాన్ని తోమినట్టు గోనెసంచిలో వేసి మూతి కడుతోంది. ఊరు మారేటప్పుడు తప్ప ఏ ఇంట్లోనూ గిన్నెలు సంచికి ఎక్కవు.

సావుకారుకు అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక శివశంకర్ వైపు తిరిగాడు.

"ఏమబ్బా, చూస్తా కూచుంటావా? నీ పెండ్లానికి చెప్పు."

శివశంకర్ గుంత అంచున చేతులు ఆనించి పైకి లేచాడు. అతను పూర్తిగా నిలబడగా చూసి ఎన్నాళ్లయిందో, నా అంత పొడుగున్నాడు.

"ఏం చెప్పేది సావుకారూ? అతికే మనిషికి ఉద్యోగమొచ్చింది. నాకు అతకను రాదు."

నిజమే. చిన్నప్పటి నుంచి నేస్తున్న మనిషికి పడుగు అతకడం రాదు. ఎప్పుడూ ఎవరో ఒక ఆడమనిషి అతికింది, తల్లి కొన్నాళ్లు, తర్వాత పెళ్లాం. మారక్క వైపు సావుకారు ఆశగా చూశాడు. ఆమెకు కళ్లు సరిగా కనిపించక చాలా కాలమైంది. వేరే మనిషిని పంపిస్తానని సావుకారు అన్నాడు. శివశంకర్ వెనక్కి తిరిగాడు. గోడకున్న కత్తెర తీసి, అచ్చులో వేలాడుతున్న కొసల్ని ఒక చివర నుంచి రెండో చివర దాకా కత్తిరించాడు. ఆ మగ్గం మొదటిసారి ఖాళీ అయింది.

"పడుగు అయిపోయింది సావుకారూ. మీరు చెప్పినట్టే పోతాండాం."

సావుకారు తన పడుగును తానే బండి మీద పెట్టుకుని వెళ్లాడు.

టెంపో వచ్చిన రోజున పరువు గురించి మాట్లాడిన మారక్క అందరికంటే ముందు ఎక్కి డ్రైవరు పక్కన కూర్చుంది. హిందూపురం దాకా ఎంత దుడ్లు తీసుకుంటావప్పా అని ఆమే బేరం చేసింది. ఉలిగమ్మ వెనక, మగ్గం కర్రల మీద కూర్చుని ఉంది. ఆ మాట వినపడి కూడా వినపడనట్టు గడ్డపారను ఇంకొంచెం లోపలికి జరుపుకుంది. ఇప్పుడు పగలు కండెలు మారక్కే చుడుతోందని, కళ్లు కనిపించకపోయినా చేతికి తెలుస్తుందంటోందని విన్నాను. అంటే ఇన్నాళ్లూ చుట్టగలిగే ఉండి చుట్టలేదన్నమాట. నా కోపం తగ్గుతుందని ఎవరూ ఆశ పెట్టుకోకండి.

వాళ్లు పోయాక వీధి నన్ను నిలదీసింది. ఎందుకు పోయారు? ఉలిగమ్మకు ఉద్యోగం వచ్చింది, కుటుంబం కదిలింది అని చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. అప్పుల్లో ఉన్నారా, సావుకారుతో గొడవా, అత్తాకోడళ్లు కొట్టుకున్నారా, అసలు సంగతి చెప్పు సారూ అన్నారు. వారం రోజులు నిజమే చెప్పాను, గొంతు నొప్పి పుట్టింది. ఎనిమిదో రోజు విసుగొచ్చి, మగ్గం ఊడదీస్తుంటే గుంతలో బంగారు బిందె దొరికిందని చెప్పాను. వెంటనే నమ్మారు.

ఇప్పుడు ఆ ఇంటికి బాడుగకు వచ్చేవాళ్లు చాలామంది. నీళ్ల సంగతి, కరెంటు సంగతి అడగరు. ముందు గుంత చూస్తామంటారు.