కొట్లాట తర్వాతి కథ

మంగళవారం పొద్దున ఆన్‌లైన్ మీటింగ్‌లో ఉండగా మా క్యాబ్ గ్రూపులో మెసేజ్ వచ్చింది, పెద్దన్న ఇక లేడని. ఐదేళ్లపాటు మమ్మల్ని నిజాంపేట నుంచి హైటెక్ సిటీకి తీసుకెళ్లి, తీసుకొచ్చిన డ్రైవర్ ఆయన. ఊపిరితిత్తుల జబ్బు ముదిరిందని తెలుసు. అయినా కెమెరా ఆపేసి ఏడ్చాను. నా వంతు వచ్చిందని మేనేజర్ పిలుస్తూనే ఉన్నాడు.

మీకు నవ్వు రావచ్చు గానీ, నాకు కథ చూడడం నేర్పిన గురువు ఆయనే. అదీ ఒక జపాన్ యానిమే, అంటే కార్టూన్ సిరీస్ పుణ్యమా అని. సుత్తి పట్టి యుద్ధం చేసే ఒక కమ్మరి పిల్ల కథ అది. పదిహేనేళ్లుగా సాగుతూనే ఉంది. అందులో ఒక్కో పెద్ద ఘట్టాన్ని ఆర్క్ అంటాం. ఏ ఆర్క్ గొప్పదో తేల్చుకోలేక క్యాబ్‌లో నేనూ, నాతో వచ్చే మరో ఇద్దరూ రోజూ కీచులాడుకునేవాళ్లం. నాది 'ఉప్పుకోట' పార్టీ. కోట ముట్టడి, ఏడంతస్తుల్లో ఏడు పోరాటాలు, ఇంకేం కావాలి? వాళ్లిద్దరిదీ 'వంతెన' పార్టీ. ఎందుకని అడిగితే సరిగ్గా చెప్పలేకపోయేవారు. అందుకని రోజూ నేనే గెలిచేదాన్ని. నా నోటికి జడిసి ఊరుకునేవారనడమే న్యాయం.

ఒకరోజు కొండాపూర్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పెద్దన్న అద్దంలోంచి నన్ను చూశాడు.

"మేడం, ఏమనుకోకున్రి. మీరు ఎన్ని తలకాయలు పగిలినయో లెక్కవెడుతున్నరు. కొట్లాట అయినంక ఎవరేడ్సిన్రో జర చూడున్రి."

"మీరు కూడా చూశారా అన్నా?"

"మీ లొల్లి వినీ వినీ మొదటికెల్లి చూసిన. హిందీల ఉంది గద."

మేం ఆఫీసులో ఉన్నంతసేపూ ఆయన పార్కింగ్‌లో చేస్తున్న పని అదన్నమాట.

"ఉప్పుకోటల అంతమంది సచ్చిన్రు. ఒక్కలన్న ఏడ్సిన్రా? వంతెన కాడ సచ్చింది ఒక్కడే. ఆ పిల్ల వాని తల్లి కాడికి వొయ్యి, నీ కొడుకును నేనే సంపిన అని చెప్తది. ఆ ముసలామె అన్నం పళ్లెం పట్టుకొని అట్లనే నిలవడ్తది. గంతకంటె పెద్ద యుద్ధం ఏడుందమ్మా?"

ఆ ఎపిసోడ్ మా ముగ్గురిలో ఒక్కరం కూడా చూడలేదు. ఏవి వదిలేసినా ఫర్వాలేదో అభిమానులు ఇంటర్నెట్‌లో జాబితాలు పెడతారు. పోరాటం లేనివన్నీ అందులోనే ఉంటాయి. టైం మిగులుతుంది కదా అని మేం ఆ జాబితా ప్రకారమే నడిచాం. ఆ ఆదివారం కూర్చుని చూశాను. పళ్లెం పట్టుకున్న ఆ ముసలి చేతుల్ని ఎంతసేపు చూపించారో! అన్నేళ్లు ఏ కథ గురించి గొంతు చించుకున్నానో, ఆ కథను నేను చూడనే లేదు.

పెద్దన్న వాళ్ల నాన్న సిద్దిపేట పల్లెల్లో ఒగ్గు కథ చెప్పేవాడని తర్వాత తెలిసింది. "మా నాయిన ఒకటే అనేటోడు. యుద్ధం కాడ ఉరుకు, తల్లి కాడ ఆగు అని." పెద్దన్న అన్ని ఆర్క్‌లనూ ఆ కొలతతోనే కొలిచేవాడు. మేం నెత్తిన పెట్టుకున్న 'మంచులోయ'ను మూడు ముక్కల్లో తేల్చేశాడు: "ఉరుకుడే, ఆగుడు లేదు." టీ తాగుతూ తాగుతూ గ్లాసు సగంలో ఆపి, ఏదో దృశ్యం గుర్తొచ్చి తనలో తనే తల ఊపేవాడు. పెద్ద పెద్ద డిగ్రీలున్న మేం ఆయన ఏమంటాడా అని ఎదురుచూసేవాళ్లం.

ఆఖరి ఆర్క్ వారానికొక ఎపిసోడ్ చొప్పున మొదలైన కొన్నాళ్లకే ఆయన దవాఖానలో చేరాడు. ఆ సిరీస్‌కు మూలమైన బొమ్మల పుస్తకం ఎప్పుడో ముగిసింది. దాని చివరి భాగం నేను చదివేశాను కూడా. ఇదివరకు ముగింపు గురించి నోరు తెరవబోతే "చెప్పకున్రి, నేనే చూస్త" అని కసిరేవాడు. చూడడానికి వెళ్లిన రోజు తనే అడిగాడు.

"ఇగ చెప్పు బిడ్డా. అది అయిపోయే దాక నేనుండ."

ఎవరు గెలిచారు, ఎవరు పోయారు, రాజ్యం ఏమైంది, అన్నీ గబగబా అప్పజెప్పాను, ఆఫీసులో స్టేటస్ చెప్పినట్టు. ఆయన ఆయాసపడుతూనే నవ్వాడు.

"కొట్లాట అయినంక?"

ఆ పేజీలు నేను చకచకా తిప్పేశాను. అన్నీ మాటల్లేని బొమ్మలే. సిగ్గుతో చచ్చిపోతూ ఆ మాటే చెప్పాను.

"అయితే వొయ్యి సదువుకొని రా. రేపు చెప్పు."

రేపటికి ఉంటాడా? ఇంటికెళ్లి ఆ పేజీలు చూశాక దడ ఇంకా ఎక్కువైంది. అవి ఆయన వినకుండా పోతే నన్ను నేను క్షమించుకోలేను. మర్నాడు లీవు పెట్టి పరుగెత్తాను. ఉన్నాడు. కళ్లు మూసుకునే, చెప్పమన్నట్టు చెయ్యి కదిపాడు.

ఈసారి నిలబడి చెప్పాను. పోరును ఉరికించాను. తర్వాత ఆగాను. ఏటి ఒడ్డున రెండు సైన్యాల వాళ్లవీ చెప్పులు పడి ఉన్నాయి. కమ్మరి పిల్ల సుత్తి పక్కన పెట్టి, వాటిని ఒక్కొక్కటే ఏరి జత చేస్తోంది, ఎవరివి వాళ్ల ఇళ్లకు పంపాలని. పొద్దు వాలేదాకా అదే పని. పక్క మంచం మీద భర్తకు జావ తాగిస్తున్న ఆవిడ చెంచా ఆపేసింది. సూది వేయడానికి వచ్చిన నర్సు ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"తర్వాత ఏమైందమ్మా?" అంది చెంచా పట్టుకున్న ఆవిడ.

"జర ఆగక్కా," అన్నాడు పెద్దన్న కళ్లు తెరవకుండానే. "గిప్పుడు ఏడుస్తది."

నేనింకా చెప్పనే లేదు. ఆయనకెలా తెలిసిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

చివరికి ఒకే ఒక్క చెప్పు మిగులుతుంది. అది ఆ యుద్ధంలో పోయిన ఆమె అన్నయ్యది. రెండోది ఏట్లో కొట్టుకుపోయింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని, పదిహేనేళ్ల కథలో మొదటిసారి ఆమె ఏడుస్తుంది.

"ఇదే పెద్దది బిడ్డా," అన్నాడు పెద్దన్న. "వంతెన కంటె గూడ." మాకు ఆయన చెప్పిన ఆఖరి తీర్పు అదే.

పక్క మంచం ఆవిడ చెంగుతో ముఖం తుడుచుకుని, వంగి, పెద్దన్న మంచం కింద చెరో మూల పడి ఉన్న చెప్పులు ఇవతలికి తీసి, రెండూ పక్కపక్కన పెట్టింది.