నేను వంగితే వచ్చే కుక్క

మనిషి నడుం వంచాడంటే రాయి తీస్తున్నాడని దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రతి వీధికుక్కకీ తెలుసు. చెప్పు పట్టీ సరిచేసుకోవడానికి వంగినా సరే, గల్లీ చివరిదాకా పరుగే. మా కర్రీ పాయింట్ ముందుండే గోధుమరంగు కుక్కా అంతే, నా ఒక్కడి దగ్గర తప్ప. రోజూ మధ్యాహ్నం మిగిలిన అన్నం కాగితంలో దానికి పెట్టేది నేనే. నేను వంగితే తోకాడిస్తూ వచ్చేది. నా భుజం చూసేదో, కళ్లు చూసేదో గానీ, రాయికి వంగడం వేరు, అన్నానికి వంగడం వేరని కనిపెట్టేసింది. అదేదో నా గొప్పయినట్టు అందరికీ చెప్పుకునేవాణ్ని.

కర్రీ పాయింట్ నడిపే ఆంటీది కోస్తా. నేను నల్లగొండ పల్లె నుంచి కోచింగ్‌కొచ్చి, ఆవిడ షాపు వెనక గదిలో ఇంకో స్నేహితుడితో కిరాయికి ఉండేవాణ్ని. తెలంగాణ ఉద్యమం రోజులు, ఊరేగింపులకి వెళ్లేవాణ్ని. "వెళ్తే వెళ్లు గానీ, దెబ్బలు తగిలించుకోకు బాబూ" అనేది ఆవిడ. నాకేమో ముక్కు మీదే కోపం.

ఆ బంద్ రోజు ఎల్బీనగర్ వైపు నుంచి వస్తున్న మా గుంపుని పోలీసులు మా గల్లీ మొదట్లోనే ఆపారు. ముందు ఎవరు మొదలుపెట్టారో తెలీదు. టియర్ గ్యాస్ వదిలారు. పక్కనే ఉన్న నా స్నేహితుడి తల మీద లాఠీ దిగింది. కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడైంది. వాడి నెత్తురు నా చొక్కా మీద చిందింది. "ఏం జూస్తున్నవ్‌రా, కొట్టు" అని వెనక నుంచి ఎవరో అరిచారు. నాకు ఒళ్లు తెలీలేదు. రోడ్డు పక్కనున్న కంకరకుప్ప మీదికి వంగాను.

నాతోపాటు ఎంతమందో వంగారు. మూసిన షట్టర్ పక్కన నక్కి ఉన్న కుక్క అంతమందిలో నన్నే గుర్తుపట్టి, పొగలోంచి దగ్గుకుంటూ పరుగెత్తుకొచ్చింది. అన్నం ఉందనుకుని నా పిడికిలి వాసన చూసింది. అడ్డమొచ్చిందన్న కోపంతో పిడికిట్లో ఉన్న రాయితోనే దాని మూతి మీద కొట్టాను. రెండుసార్లు కొట్టాను. రెండోది ఎందుకు కొట్టానో ఇవాళ్టికీ చెప్పలేను. అది మొరగలేదు, కరవలేదు. నోట్లోంచి నెత్తురు కారుతుంటే నా చేతికేసి చూస్తూ వెనక్కి వెనక్కి వెళ్లిపోయింది. ఆ వెంటనే నా భుజం మీద లాఠీలు పడ్డాయి.

నా స్నేహితుడు తలకి కుట్లతో, నేను భుజానికి కట్టుతో, వారం తర్వాత దవాఖాన నుంచి తిరిగొచ్చాం. షాపు ముందు కుక్క పడుకుని ఉంది. మూతి వాచింది, ముందు పళ్లు రెండు లేవు.

"ఎవరో దీని పళ్లు రాలగొట్టారు బాబూ. నోరులేనిదాన్ని కొట్టడానికి చేతులెలా వచ్చాయో" అంది ఆంటీ.

"పోలీసోళ్లే గొట్టిన్రు ఆంటీ" అన్నాను.

"నేను పెడితే సగమే తింటోంది. నువ్వు పెట్టు, చూద్దాం" అని అన్నం పొట్లం నా చేతికిచ్చింది.

బాగున్న చేత్తో పొట్లం పట్టుకుని వంగాను. కుక్క కుయ్యిమని, పడుకున్నచోటే ఉచ్చ పోసుకుని, ఆగి ఉన్న ఆటో కిందికి దూరింది.

ఆంటీ కుక్కని చూసింది. తర్వాత నా చేతికేసి చూసింది. పొట్లం తీసుకుని తనే వంగింది. కాసేపటికి అది బయటికొచ్చింది.

రోజూ ఎదురుగా కూర్చుని కొసరి వడ్డించే మనిషి, ఆ మధ్యాహ్నం నా ముందు కంచం పెట్టి లోపలికెళ్లిపోయింది.