పెళ్లి నడిచే దారి గీసిన రమామణి

తిరుపతి రైల్వేస్టేషన్ ఎదుటి సందులో రమామణికి ఎస్టీడీ బూత్ ఉండేది. తిరుపతిలో పెళ్లి చేయాలని పైఊళ్ల నుంచి ఫోన్ చేసేవాళ్లకు ఆమే దిక్కు. వ్యానుకు గోవిందును, వంటకు వెంకటమునిని, పూలకు కుప్పమ్మను కుదిర్చిపెట్టేది. ఎవరి వ్యాపారం వాళ్లదే. పెళ్లివారికి మాత్రం ముగ్గురూ కలిస్తేనే పెళ్లి.

1997 మాఘమాసంలో బళ్లారి పెళ్లివారు రేణిగుంటలో దిగి గంటన్నర నిలబడ్డారు. గోవిందేమో తిరుపతి స్టేషన్లో కాచుకున్నాడు. రేణిగుంటలోనే దిగుతామని వాళ్లు వెంకటమునికి చెప్పారు. అది వ్యానుకు చేరాల్సిన మాట అని ఆయనకు తోచలేదు. ఇడ్లీలు చల్లారాయి, దండలు వాడిపోయాయి. పెళ్లికూతురు తండ్రి బూత్‌కి వచ్చి రమామణిని నోటికొచ్చినట్టు తిట్టి వెళ్లాడు.

మర్నాడు ఆమె ముగ్గురినీ పిలిపించింది.

"నా పని నేను సరిగానే చేసినానక్కా," అన్నాడు గోవిందు.

"నేను మాత్రం చెయ్యలేదా అప్పా?" అని వెంకటముని లేచాడు.

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి మారే చోటే తెగుతోందని రమామణికి అప్పుడు తట్టింది. సుద్దముక్కతో బూత్ నేల మీద రైలు, వ్యాను, వంట, పూలు, మండపం అని సున్నాలు చుట్టి గీతలు కలిపింది. ప్రతి గీత పక్కనా ఎవరు ఎవరికి ఏం చెప్పాలో రాసింది. పెళ్లివారికి గుర్తుగా ఒక చింతగింజ పెట్టింది.

"ఇదో, దిగినారు. గోవిందూ, ఇప్పుడు ఎవరికి చెప్తావు?"

"ఎవురికీ చెప్పను. బండి తోల్తాను."

"సూడు, ఈడే తెగింది!"

కుప్పమ్మ వంగి చూసింది. "అక్కా, బండి కదిలిందని తెలిస్తేనే గదా నేను దండ కట్టేది. నా కాడికి గీతే లేదే!"

ఇంకో గీత పడింది. టైరు పంచరైతే, వాన వస్తే, రైలు ఆలస్యమైతే అని తలా ఒక చిక్కు తెచ్చారు. ఏడుసార్లు గింజకు పెళ్లి చేశాక, అది ఎక్కడా ఆగకుండా మండపం చేరింది. నలుగురూ పగలబడి నవ్వారు. రమామణి దాన్ని కాగితం మీదికెక్కించి అందరికీ జిరాక్సు ఇచ్చింది.

ఫాల్గుణంలో అనంతపురం పెళ్లివారి రైలు రెండు గంటలు ఆలస్యమైంది. గోవిందు రేణిగుంట నుంచి బూత్‌కు ఫోన్ చేశాడు. రమామణి చెప్పగానే వెంకటముని ఇడ్లీపాత్ర పొయ్యెక్కించడం ఆపాడు. కుప్పమ్మ పూలబుట్టతో బస్సెక్కి రేణిగుంటకే పోయి, వచ్చే దారిలో వ్యానులోనే పెళ్లికూతురికి జడ వేసింది. ముహూర్తానికి ఇరవై నిమిషాల ముందే అందరూ వేడి ఇడ్లీలు తింటున్నారు.

ఫోనులో ఎన్నో పెళ్లిళ్లు నడిపినా, రమామణి అప్పటిదాకా ఒక్కదానికీ వెళ్లలేదు. ఆ రోజు బూత్‌కు తాళం వేసి, వెళ్లి పంక్తిలో కూర్చుంది. వెంకటముని స్వయంగా బొబ్బట్లు వడ్డించాడు.

"ఇంకో ఓళిగ వెయ్యనా అక్కా?"

"రెండు వెయ్యప్పా," అంది రమామణి.